పిడుగును ఎత్తేసిన మామ

ఫోన్ ఎత్తింది మా అత్తమ్మ. తంటా అక్కడే మొదలైంది.

మా అత్తగారిల్లు నాంపల్లి స్టేషన్ పక్క గల్లీలో, రెండో అంతస్తులో. గోడకు ఇప్పటికీ తీగ ఫోన్ వేలాడుతుంటుంది, చేసిందెవరో నంబర్ కనపడని రకం. ఇక అత్తమ్మ వసుమతికి ఎడమ చెవి వినపడదు, కుడి చెవి వినదు. పైగా సరిగ్గా అప్పుడే స్టేషన్లో రైలు కూత పెట్టింది. ఆ కూతలో ఎవరి కూతురో మాట్లాడింది.

ఫోన్ పెట్టేసి వచ్చి అత్తమ్మ చెప్పింది. "ఎవరో బెజవాడ అమరేశ్వరరావు బిడ్డనంట. ఆదివారం పొద్దుగాల వస్తదంట. వాళ్ల నాయిన అస్తులు పట్టుకొని వస్తదంట."

అస్తులంటే చితి ఆరినంక ఏరి, కుండలో పెట్టి, నీళ్లలో కలిపేవి. కానీ వంటింట్లో పోపు వేస్తున్న మా ఆవిడ శ్రీవిద్యకు అవి ఆస్తులుగా వినపడ్డాయి. ఎవరి ఆస్తులు, మనకెందుకు తెస్తున్నది, అసలు మా నాయినకు బెజవాడల ఇంకో బిడ్డ ఉన్నదా అని గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఒక్క దీర్ఘం తేడాతో శ్మశానం కాస్తా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసైపోయింది. తల్లీకూతుళ్లు ఎవరికి వినపడిందే నిజమని వాళ్లు వాదించుకుంటుంటే నేను ఊరుకోగలనా. అస్తులైనా ఆస్తులైనా ఈ ఇంటికి వచ్చేది ఎప్పుడూ నాస్తే గదా మామా, అని ఆయన వైపు తిరిగాను.

మామ నవ్వలేదు. చేతిలో చాయ్ ఉంది, ముఖంలో ఛాయ లేదు. గ్లాసు స్టూలు మీద పెట్టబోయి గాలిలో పెట్టాడు. అది కిందపడి పగిలింది. ఆయన పెంకుల వైపు చూడలేదు. తన రెండు అరచేతుల వైపే చూసుకుంటూ కూర్చున్నాడు.

మా మామ పేరు సదాశివ. డెబ్బైకి దగ్గర. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కానీ గుడ్డలు కొలవక ముందు ఆయన గుద్దులు కొలిచాడు. ఎనభైల మొదట్లో ఫ్రీస్టైల్ కుస్తీ పహిల్వాన్. ఈ సంగతి మాకు ఫొటో చూసి తెలుసు, ఆయన నోటి నుంచి తెలియదు. అడిగితే, అయిపోయిన ముచ్చట ఎందుకులే అనేవాడు.

రెండు నెలల కింద గల్లీ యువజన సంఘం ప్రెసిడెంట్ ఆకాష్, సాఫ్ట్‌వేర్ పిల్లగాడు, కోఠిలో మూతపడుతున్న ఒక వీడియో స్టూడియోలోంచి పాత క్యాసెట్టు పట్టుకొచ్చాడు. దాన్ని బాగుచేయించి నెట్‌లో పెట్టాడు. నాంపల్లిలో డేరా వేసి ఆడించిన కుస్తీ. సదాశివ పహిల్వాన్‌కూ బెజవాడ పిడుగుకూ పోటీ. పాత కుస్తీల సంగతులు తెలిసినవాళ్లు ఫోన్ చెయ్యమని కింద మా అత్తగారింటి నంబర్ కూడా పెట్టాడు. ఇక గల్లీ గల్లీ అంతా ఆ వీడియో మీదే పడింది.

నేనూ చూశాను, ఎన్నిసార్లో చెప్పలేను. పసుపు బల్బుల కింద తాళ్లు కట్టిన బరి. పిడుగు ఎర్ర లాగులో, తలుపంత వీపుతో ఉంటాడు. మామను ఎత్తి తాళ్ల మీదికి విసురుతాడు, ఛాతీ మీద కూర్చుంటాడు, జనం వైపు చూసి మీసం తిప్పుతాడు. అంతా అయిపోయిందనుకునేసరికి మామ ఆయన నడుం పట్టుకుని తలకిందులుగా లేపుతాడు. లేపి ఒక్క అడుగు తడబడతాడు. పడేస్తాడు. మీద పడి చెయ్యి మెలిపెట్టి పట్టుకుంటాడు. కాసేపటికి పిడుగు మెత్తబడిపోతాడు. రిఫరీ మామ చెయ్యి పైకెత్తుతాడు. పిడుగును స్ట్రెచర్ మీద మోసుకెళ్తారు. గల్లీ పోరగాళ్లు ఆ ఎత్తేసే చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసేవాళ్లు. మల్లయుద్ధం అంటే మళ్లీ మళ్లీ యుద్ధమేరా అని వాళ్లకు నేనే చెప్పాను.

మామ మాత్రం ఒక్కసారీ చివరిదాకా చూడలేదు. సరిగ్గా ఎత్తే ముందు లేచి బాత్రూంకి పోయేవాడు. మేం షుగర్ అనుకున్నాం.

మామకు సన్మానం చేస్తామని ఆదివారం పొద్దున గల్లీలో షామియానా, పెద్ద తెర, శాలువా అన్నీ ఆకాష్ ఖరారు చేశాడు. అదే ఆదివారానికి ఈ ఫోన్.

ఆ మధ్యాహ్నం మామ ఆబిడ్స్‌లో నా షాపుకొచ్చాడు. నాది నేంప్లేట్ల షాపు, ఊరందరికీ పేర్లు పెట్టి బతికేవాణ్ణి. షట్టర్ సగం దించమన్నాడు. దించాను. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"పిడుగును, ఆ అమరేశ్వరరావును, నేనే చంపిన, అల్లుడా," అన్నాడు.

 నేను చేతిలోని నేంప్లేటు పక్కన పెట్టాను.

మామ మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ కుస్తీల్లో ఎవడు గెలవాలో కుస్తీలు ఆడించే కాంట్రాక్టరు పొద్దున్నే చెప్పేస్తాడట. ఆ విషయం బయట ఊదితే ఇంక బరి ఎక్కనియ్యరు. అందుకే పెళ్లానికి కూడా చెప్పలేదు. ఆ రోజు గెలవాల్సింది మామ కాదు, పిడుగు. మామ ఆయన్ని ఎత్తి పడేశాక, ఆయన లేచి మామను చిత్తు చెయ్యాలి. అది ఒప్పందం. ఇద్దరివీ వేరు వేరు జట్లు. మామ హైదరాబాద్ తాలీంలో కుస్తీ నేర్చినవాడు, ఆయన బెజవాడ గోదాలో. ఆ రోజు దాకా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. నోటితో మాట్లాడుకుంటే ముందు వరస జనం పసిగడతారు కాబట్టి పహిల్వాన్ల మాటలన్నీ చేతుల్లోనే ఉంటాయి. పట్టు పట్టినప్పుడు ఎదుటివాడి అరచెయ్యి నొక్కితే, బాగున్నవా అని అడిగినట్టు. వాడు తిరిగి నొక్కితే, బాగున్న అని. నొక్కకపోతే బాగలేడు.

ఎత్తినప్పుడే ఏదో తేడా కొట్టిందట మామకు. బరువు ఉండాల్సిన చోట లేదు. అయినా ఆగే వీలు లేక పడేశాడు. చెయ్యి పట్టుకుని నొక్కాడు. జవాబు లేదు. మళ్లీ నొక్కాడు. లేదు. మూడోసారి గట్టిగా నొక్కేసరికి ఆ చెయ్యి వాడిన తోటకూర కాడలాగా ఆయన వేళ్లలోంచి జారిపోయింది. లేచి గెలవాల్సినవాడు లేవలేదు. డేరా అంతా ఈలలు వేస్తుంటే రిఫరీ మామ చెయ్యి పైకెత్తాడు.

అక్కడ ఇంకో ఆచారం ఉందట. బరిలో చచ్చినట్టు పడ్డవాడు ఆ ఊళ్లో మళ్లీ కనపడొద్దు. పడేసినవాడు వాడి గురించి అడగొద్దు. పడ్డవాడు మర్నాడు బజార్లో మిర్చీబజ్జీ తింటూ కనపడితే టికెట్టు కొన్నవాళ్లు ఊరుకుంటారా. మామ అడిగితే కాంట్రాక్టరు కళ్లెర్రజేసి, ధంధా ఖరాబ్ చెయ్యకు అన్నాడట. అయినా మర్నాడు మామ దవాఖాన గేటు దాకా పోయాడు. లోపలికి పోయే ధైర్యం చాలక నిలబడ్డాడు. తెల్లగుడ్డ కప్పిన స్ట్రెచర్ ఒకటి బయటికొచ్చింది. పెద్ద మనిషి, పాదాలు గుడ్డ బయటికున్నాయి. ఎవరని అడగలేదు. ఇంటికొచ్చేశాడు. మళ్లీ బరి ఎక్కలేదు. ఆ కాంట్రాక్టరు కొన్నేళ్లకు పోయాడు, ఆయనతోపాటు అడిగే దారీ పోయింది.

నేను ఒక మాట అడిగాను. "గప్పుడే పోతే, అస్తులు ఇన్నేండ్లకు ఎట్లొస్తయి మామా?"

"నేనూ పొద్దటి సంది అదే ఆలోచిస్తున్న. గప్పుడు పోలేదన్నట్టు. మెడ విరిగి మంచంల పడి, ఇన్నేండ్లు పడి, ఇప్పుడు పోయిండు." ఆగాడు. "గది ఇంకా ఘోరం గద."

బయట ఆబిడ్స్ హారన్లు మోగుతూనే ఉన్నాయి. సగం షట్టర్ కింద నుంచి పోయేవాళ్ల కాళ్లు కనపడుతున్నాయి. ప్రతి కాళ్ల జతా మా దగ్గరే ఆగబోతున్నట్టు అనిపించింది నాకు. మామ భయం జలుబు లాంటిది, పక్కనున్నవాడికి అంటింది.

అప్పుడు ఒక్కొక్కటే అర్థమవడం మొదలైంది. శ్రీవిద్య ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో జనం మధ్య ఏమీ కనపడక, ఎత్తుకొమ్మని ఏడ్చినా తండ్రి ఎత్తుకోలేదని. పహిల్వాన్ అయి ఉండి పిల్లనెత్తుకోలేదు, అంత గీర అని ఇప్పటికీ అంటుంది. ఆయన ఎవర్నీ ఎత్తలేదు. మా పెళ్లికి బంధువులు నన్ను ఎత్తమని గోల చేస్తే నడుం నొప్పి అన్నాడు. మా పాపను కూడా కూర్చునే ఒళ్లోకి తీసుకునేవాడు, నిలబడి ఎత్తుకోలేదు.

ఇంట్లో ఆడవాళ్లకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. కానీ ఆదివారం దాకా ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఫోన్ మోగితే మామ లేచి నిలబడేవాడు, రిసీవర్ ఎత్తేవాడు కాదు. మెట్ల మీద చప్పుడైతే ఊపిరి బిగబట్టేవాడు, పాలవాడని తెలిశాక వదిలేవాడు. అత్తమ్మ బాధ వేరు. అస్తుల కుండ ఇంట్లోకి తేవచ్చా, గడప బయట పెట్టాలా, తెచ్చినామెకు చాయ్ ఇయ్యొచ్చా అని పక్కింటివాళ్లను అడిగొచ్చింది. చివరికి గడప దగ్గర బకెట్టు నీళ్లు, పసుపు పెట్టింది. శ్రీవిద్య ఇంకా ఆస్తి దగ్గరే ఆగింది, తండ్రితో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా భయపడుతుంటే, జోకులేసే నేను నోరు కుట్టేసుకుని తిరిగాను.

సభ ఆపమని ఆకాష్‌ని అడిగి చూశాను. ఫ్లెక్సీ అప్పటికే గల్లీ మొగలో కట్టేశాడు. ఓటమి ఎరుగని నాంపల్లి సింహం అని రాయించాడు. సింహం ఆ టైములో రెండో అంతస్తులో మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది.

శనివారం మామ నాతో ఒకటే అన్నాడు. "ఆమె ఏమన్నా అననియ్యి. అందరి ముంగట అన్నా అడ్డం పడకు."

ఆదివారం పొద్దున షామియానా కింద కుర్చీలు నిండాయి. మామ తెల్ల చొక్కా వేసుకుని ఇంట్లోనే ఉన్నాడు, పిలిచినప్పుడు వస్తానని. నేను మేడ మీద నుంచి మెడ చాచి గల్లీ మొగ వైపు చూస్తున్నాను. తెల్ల కారొకటి ఫ్లెక్సీ కింద ఆగింది. నలభై దాటిన ఒకామె దిగింది, భుజానికి గుడ్డసంచి. సంచి అడుగున ఏదో బరువుగా, చదరంగా కాకుండా ఉబ్బుగా ఉంది. కారులో వెనక సీటులో ఎవరో ఉన్నారు. దిగలేదు. 

ఆమె మెట్లెక్కి వస్తుంటే అడుగుల చప్పుడు మామ కూడా విన్నాడు. లేచి గదిలో గోడకు ఆనుకున్నాడు. శ్రీవిద్య నా వెనకాల నిలబడింది. అత్తమ్మ పసుపు నీళ్ల బకెట్టుకు అడ్డంగా నిలబడి సంచి వైపే చూస్తున్నది.

ఆమె గడప బయటే ఆగింది.  తన పేరు దివ్యశ్రీ అంది. నమస్కారం పెట్టి, లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి నన్ను అడిగింది.

"సదాశివ గారు నడుస్తారాండీ?"

మా ఎవరికీ అర్థం కాలేదు. అత్తమ్మ మాత్రం తన ప్రశ్న తను అడిగేసింది. "అస్తులు గీడ బయటనే పెట్టు బిడ్డా. లోపలికొద్దు."

"అస్తులేంటండీ?" ఆమె బిత్తరపోయి సంచి విప్పింది. లోపల చుట్టచుట్టిన గోడ పోస్టర్లు, ఒక ఎర్ర లాగు, ఫొటోల కట్ట. "నాన్నగారి కుస్తీల ఫొటోలు తెస్తానన్నాను."

కుస్తీలు అస్తులై, అస్తులు ఆస్తులై మా ఇంటిని మూడు రోజులు తిప్పి కొట్టాయన్నమాట. శ్రీవిద్య అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. కానీ గదిలోంచి మామ రాలేదు. గోడ దగ్గరి నుంచే, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"మీ నాయిన?"

"కార్లో ఉన్నారండీ. మీరు మంచంలో ఉంటే చూడలేనన్నారు. ముందు నన్ను చూసి రమ్మన్నారు."

మామ కదల్లేదు. నమ్మలేదని ముఖం చూస్తే తెలుస్తుంది. ఎవరో కార్లో కూర్చోబెట్టి తెచ్చారు, కూర్చోబెడితేనే కూర్చునే మనిషిని, అని ఆయన ఊహ ఇంకో మెట్టు కిందికి దిగినట్టుంది. చెప్పుల్లేకుండా మెట్లు దిగాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ. ఇంత లావు మనిషి వెనకాల నేను చేతులు చాపి దిగాను, పడితే పట్టుకునే పహిల్వాన్ని నేనే అన్నట్టు.

షామియానా జనం సింహం వస్తోందని చప్పట్లు కొట్టారు. మామ ఎవరి వైపూ చూడలేదు. కారు డోరు అప్పటికే తెరుచుకుంది. ముందు ఒక కర్ర బయటికొచ్చింది, తర్వాత ఒక కాలు, తర్వాత తలుపంత వీపు. అమరేశ్వరరావు నిలబడ్డాడు. మామ నడిచి వస్తుంటే ఆయన కళ్లు మామ ముఖం మీద లేవు, నడుం మీద ఉన్నాయి. మామ కళ్లు ఆయన మెడ మీద ఉన్నాయి. రెండు చేతుల దూరంలో ఇద్దరూ ఆగిపోయారు.

"మెడ తిప్పు," అన్నాడు మామ.

ఆయన కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. తర్వాత మామను అడిగాడు. "మీరు ఒకసారి వంగండి."

మామ వంగి నేల ముట్టుకుని లేచాడు. ఆ పెద్దమనిషి కర్ర వదిలేసి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలదొక్కుకున్నాడు.

"మూడుసార్లు నొక్కారు మీరు," అన్నాడు. "మా గోదాలో నొక్కితే దెబ్బ తగిలింది, ఆపెయ్ అని. బాగుంటే నొక్కం. మీరు ఎత్తేటప్పుడు నా పాదం జారి, ఎగరాల్సిన టైముకి ఎగరలేదు. నా బరువంతా మీ నడుం మీద పడింది. మీరు తడబడ్డారు. తర్వాత ఒకసారి నొక్కారు, రెండోసారి నొక్కారు. మూడోసారి అంత గట్టిగా నొక్కేసరికి ఈయన వెన్ను విరిగిపోయింది, ఇంక లేచి ఈయన్ని చిత్తు చేస్తే చచ్చిపోతాడనుకుని, నేను లేవకుండా మెత్తబడిపోయాను."

ఎత్తేసే పట్టులో, ఎత్తబడేవాడు తనే ఎగరాలట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. స్ట్రెచర్ నుంచి నేరుగా ఆయన్ని బండెక్కించి రాత్రికి రాత్రి ఊరు దాటించాడట కాంట్రాక్టరు, చెప్పిన ఫలితం పాడుచేశాడన్న కోపంతో. ఆచారం ప్రకారం ఆయనా హైదరాబాద్ రాలేదు, ఎవర్నీ అడగలేదు. నాంపల్లి సదాశివ మళ్లీ బరి ఎక్కలేదని ఎవరో చెప్తే విన్నాడు. ఇంకేం, నడుం విరిగిన మనిషి మంచంలో ఉన్నాడని తనే కథ రాసుకున్నాడు. మొన్న వీడియో చూసి కూతురు ఫోన్ చేస్తానంటే వారం పాటు చెయ్యనివ్వలేదట.

 దవాఖాన గేటు దగ్గర చూసిన పాదాల గురించి మామ ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. అనలేదు. వాటి సంగతి ఎవరికీ తెలియదు, అవి ఎవరివో.

ఆకాష్ మైకు పట్టుకుని వచ్చాడు. పెద్దమనుషులిద్దరూ స్టేజీ మీదికి రావాలని, వీడియో వేస్తున్నామని. తెర మీద అప్పటికే పసుపు బల్బులు వెలిగాయి. జనం ఈల వేశారు. మామ మైకు తీసుకున్నాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని ఒక్కసారి లాగాను. ఫ్లెక్సీ వైపు చూపించాను. ఈ గల్లీలో ఆయన తలెత్తుకు తిరిగేది ఆ ఎత్తేయడం వల్లే గదా. ఆయన నా చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"నేను గెలువలే," అన్నాడు మైకులో. "గీయన గెలవాలె. పొద్దుగాలనే చెప్పిన్రు మాకు."

ఈలలు ఆగిపోయాయి. ఆకాష్ ముఖంలో సింహం, ఫ్లెక్సీ, శాలువా మూడూ ఒకేసారి వాడిపోయాయి. ముందు వరసలో ఒకాయన, అంటే గిదంతా నాటకమా అన్నాడు. ఔ అన్నాడు మామ. పడుడు నాటకం, నొప్పి నాటకం కాదు, భయం అసల్కే కాదు అన్నాడు. ఆ మాట మీద ఎవరూ నవ్వలేదు. పై నుంచి అత్తమ్మ, శ్రీవిద్య, దివ్యశ్రీ కటకటాలు పట్టుకుని చూస్తున్నారు. శ్రీవిద్య పెదవులు బిగబట్టుకుంది. నుమాయిష్‌లో తండ్రి తనను ఎందుకు ఎత్తుకోలేదో ఆమెకు అప్పుడే తెలుస్తున్నట్టుంది.

మామ అమరేశ్వరరావును కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని జనానికి చూపిస్తూ చెప్పాడు. హైదరాబాద్ తాలీంలో నొక్కితే ఏందో, బెజవాడ గోదాలో నొక్కితే ఏందో. తను ఎందుకు నొక్కాడో, ఆయన ఎందుకు పడ్డాడో. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయి కుర్చీ వైపు చూసేవాడు. మనిషి అక్కడే ఉన్నాడు. మళ్లీ అందుకునేవాడు. ఇంకో మాటకు మళ్లీ ఆగి చూసేవాడు.

వెనక వరసలో ఎవరో తమకు సమజ్ కాలేదన్నారు. మామ మైకు దగ్గరికి పెట్టుకుని మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.